ముందు మెట్లు కొలవండి, పేరు తర్వాత చూద్దాం

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. మా పాపకి పదకొండేళ్లు. నాలుగేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటోంది, ట్రినిటీ సంగీత పరీక్షలో మూడో గ్రేడు పాసైంది. ఇక అసలు పియానో లేకపోతే కష్టం అని టీచరమ్మ అంటున్నారు. మా మామగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి ఆరు లక్షలు దీనికోసం పక్కన పెట్టారు. చెన్నైలో ఒక షాపులో కొత్త యమహా బి1 చూశాం, కవాయి కూడా చూపించారు. బెంగళూరులో ఒకాయన జపాన్ నుంచి వచ్చిన పాత యమహా యూ3 అమ్ముతానంటున్నాడు. మా ఆడబిడ్డ వాళ్లాయన మాత్రం జర్మన్ పేరున్న పియానో తక్కువకే వస్తుంది, అదే తీసుకోండి అంటున్నారు. మేముండేది రెండో అంతస్తు. ఏ బ్రాండు కొనమంటారు? ఇంకో మాట, పాప దాని మీద అన్నమయ్య కీర్తన వాయిస్తే వినాలని మామగారి కోరిక. అవుతుందా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో కంపెనీ పేర్లు చాలా ఉన్నాయి, పియానోకి శ్రుతి చేసే మనిషి, అదే ట్యూనర్ మాట మాత్రం ఒక్కచోట కూడా లేదు. మొదటిసారి పియానో కొన్నప్పుడు నేనూ ఇంతే, పేరు చూసి కొన్నాను. ఆ సంగతి చెప్పి మీ ప్రశ్నకి వస్తాను.

ఇరవై ఏళ్ల కిందట బెంగళూరులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పియానో అమ్ముతున్నారని తెలిసి వెళ్లాను. హాల్లో నల్లగా మెరుస్తూ నిలువుగా ఉండే అప్‌రైట్ పియానో, మూత లోపల బంగారు అక్షరాల్లో పెద్ద కంపెనీ పేరు. నాలుగు పాటలు వాయించి చూశాను, బాగానే పలికింది. బేరానికి ముందురోజే శ్రుతి చేయించి పెట్టారని నాకేం తెలుసు? ఎనభై అయిదు వేలు ఇచ్చి, వ్యానెక్కించి తిరుపతి తెచ్చుకున్నాను. ఇరవై రోజులు గడిచాయో లేదో, నడిమి మెట్లన్నీ, అంటే వేళ్లతో నొక్కే కీలన్నీ, ఏడుపు గొంతు పెట్టాయి. చెన్నై నుంచి ట్యూనర్ని పిలిపిస్తే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో దిగాడు. పెద్దాయన, భుజాన ఒక గుడ్డసంచి. పై మూత ఎత్తి, తీగ చుట్టుకుని ఉండే ట్యూనింగ్ పిన్నుకి లీవరు తగిలించి చిన్నగా తిప్పాడు. బిగువే లేదు. పెరుగులో గరిటె తిరిగినట్టు తిరిగింది. పక్కది చూశాడు, దాని పక్కది చూశాడు. పది పిన్నులు అయ్యాక లీవరు సంచిలో పెట్టేసుకుని, "సార్, ఒక కాఫీ దొరుకుతుందా?" అన్నాడు.

కాఫీ తాగాక చెప్పాడు. పిన్నులు దిగి ఉండే చెక్క దిమ్మ ఎండి బీటలిచ్చింది, ఇక ఎన్నిసార్లు శ్రుతి చేసినా నెల నిలవదు, మార్పించాలంటే కొన్న ధర కంటే ఎక్కువే అవుతుంది. 88 మెట్లున్న పియానోలో సుమారు 230 తీగలుంటాయి. మంద్ర స్వరాలకి, అంటే కింది స్వరాలకి, మెట్టుకి ఒకటో రెండో, పైవాటికి మూడేసి. ఒక్కో తీగ ఒక పెద్దమనిషి బరువంత బలంతో లాగుతూ ఉంటుంది, అన్నీ కలిపితే 18 టన్నుల దాకా వెళ్తుంది. ఆ బలాన్ని కాచుకునేది పోత ఇనుప చట్రం. శ్రుతిని పట్టి ఉంచేది మాత్రం ఆ చెక్కలో పిన్నుకున్న బిగువు ఒక్కటే. అది పోయాక మూత మీద ఎవరి పేరుంటే ఏం? చాలా ఏళ్లు మా ఇంట్లో ఆ పియానో మీద పెళ్లి ఫొటోలూ, టీవీ రిమోటూ పెట్టుకున్నాం.

ఇక యమహానా, కవాయినా అన్న తగువు. ఇది ఒకే ఊరి తగువమ్మా. రెండూ జపాన్‌లో హమమత్సు అనే ఊళ్లో పుట్టినవే. టొరకుసు యమహా అనే ఆయన 1887లో అక్కడి బడిలో చెడిపోయిన రీడ్ ఆర్గన్‌ని (గాలితో పలికే మెట్ల వాద్యం) బాగుచేశాడు. లోపల ఎట్లా ఉందో చూశాడు గనక తనే ఒకటి తయారు చేశాడు. కంపెనీవాళ్లు చెప్పుకునే కథ ఏమిటంటే, దాన్ని పరీక్షకి పెట్టడానికి ఇద్దరు మనుషులు భుజాన కర్రేసుకుని, ఆ కర్రకి వేలాడదీసి, హకోనే కొండలు దాటించి టోక్యో సంగీత పాఠశాలకి మోసుకెళ్లారట. అలిపిరి మెట్లు ఖాళీ చేతుల్తో ఎక్కి ఆయాసపడే నాకు ఆ కథ ఎప్పుడు తలుచుకున్నా భయమే. అంత కష్టపడి తీసుకెళ్తే అక్కడివాళ్లు చూసి, శ్రుతి బాగాలేదు పొమ్మన్నారు. ఆయన అక్కడే ఉండి శ్రుతి సంగతులన్నీ నేర్చుకుని, వెనక్కొచ్చి మళ్లీ తయారు చేశాడు. ఆయన దగ్గర కుర్రతనంలో పనికి చేరిన కోయిచి కవాయి 1927లో తన కంపెనీ పెట్టుకున్నాడు. ఒకే ఎత్తు, ఒకే వయసున్న యమహానీ కవాయినీ పక్కపక్కన పెడితే, ఏది కొన్నా మీకు నష్టం లేదు.

తేడా లేదని కాదు. యమహా గొంతు స్పష్టంగా, కాస్త పదునుగా ఉంటుంది. కవాయిది కొంచెం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అయితే షాపులో కింద కార్పెట్టు, చుట్టూ సామాను. మన ఇళ్లల్లో గ్రానైట్ బండలు, ఖాళీ గోడలు. అట్లాంటి హాల్లో యమహా పదును రెండింతలై చెవిలో గుచ్చుకుంటుంది. మీ హాలు అట్లాంటిదైతే కవాయి వైపు మొగ్గండి, లేదా ఒక మందపాటి జంపఖానా పరిచి యమహా పెట్టుకోండి. కవాయి 1970ల నుంచి సుత్తుల్ని కదిపే యంత్రాంగంలో కొన్ని భాగాలు చెక్కకి బదులు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తోంది, ఇప్పుడైతే అందులో కార్బన్ కూడా కలుపుతోంది. పోటీ షాపువాళ్లు "అది ప్లాస్టిక్ అండీ" అని పెదవి విరుస్తారు. మీరేం కంగారుపడొద్దు. వానాకాలంలో ఉబ్బి బిగుసుకునేది చెక్కే. యమహాకి ఉన్న బలం వేరు. దాని లోపలి అమరిక తెలియని ట్యూనర్ ఉండడు, రేపు అమ్మాలన్నా అడిగేవాళ్లు ఎక్కువ.

ఈ రెండు పేర్ల మధ్య తేడా కంటే పెద్ద తేడా ఎత్తులో ఉంది. మీరు చూసిన బి1 ఎత్తు 109 సెంటీమీటర్లు. యమహా యూ1 121, యూ3 131. కవాయిలో కె-300 అయితే 122. ఎత్తు పెరిగితే మంద్ర స్వరాల తీగలు పొడుగవుతాయి, వెనక తీగలతో పాటు కంపించి మోగే సౌండ్‌బోర్డు పలక పెద్దదవుతుంది. తీగ పొట్టిదైతే అంత కింది స్వరం పలకడానికి దాన్ని లావుగా చేయాలి. లావు తీగలో అసలు స్వరంతో పాటు పుట్టే అనుస్వరాలు లెక్క తప్పుతాయి. షాపులో ఎడమ చివర ఎనిమిది మెట్లు ఒక్కొక్కటే నొక్కి, చెయ్యి తియ్యకుండా వినమనండి పాపని. 131లో ప్రతి మెట్టూ ఒక స్వరం. 109లో చివరి నాలుగైదు ఏ స్వరమో పోల్చుకోలేరు, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంటుంది. కాబట్టి 109 యమహానా, 122 కవాయినా అని ఎవరైనా అడిగితే అది బ్రాండ్ల పోటీ కానే కాదు.

బి సిరీస్ ఇండోనేషియాలో తయారవుతుంది, యూ సిరీస్ జపాన్‌లో. ఇండోనేషియా అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు, పొందికగానే చేస్తారు. చెన్నై దగ్గర యమహా ఫ్యాక్టరీ ఉంది గదా, పియానో కూడా అక్కడిదేనేమో అని మీలాగే ఇంకొకరు అడిగారు. అక్కడ చేసేవి కీబోర్డులు, గిటార్లు.

మీ ఆడబిడ్డ వాళ్లాయన చెప్పిన జర్మన్ పియానో సంగతి. బెర్లిన్ బెక్‌స్టైన్, లైప్‌జిగ్ బ్లూత్నర్ నిజంగా జర్మన్వే. రెండూ 1853లో మొదలయ్యాయి. న్యూయార్క్‌లో స్టైన్‌వే పెట్టింది కూడా ఆ ఏడాదే. వాటి కొత్త పియానోలు ఆరు లక్షలకి రావు. తక్కువకి వస్తోందంటే సాధారణంగా పేరు జర్మనీది, చెయ్యి చైనాది. రిట్‌ముల్లర్ అన్న పేరు గోటింగెన్‌లో 1795 నాటిది. ఇవాళ ఆ పేరుతో పియానోలు చేసేది గ్వాంగ్‌జౌలోని పర్ల్ రివర్ కంపెనీ. స్టైన్‌వే కూడా ఇట్లాంటి పనే చేస్తుంది, కాకపోతే దాచదు. బాస్టన్ పేరుతో కవాయి చేత, ఎసెక్స్ పేరుతో చైనాలో చేయిస్తుంది. పర్ల్ రివర్ చిన్న కంపెనీ కాదు, వాళ్ల పియానోలు చెడ్డవీ కావు. నేను వాయించినవాటిలో రెండు నాకు బాగా నచ్చాయి. మీ అన్నయ్యగారు తెచ్చిన ధర చైనా పియానోకి తగిన ధరేనా అన్నది చూడండి. జర్మన్ పేరు కోసం పైన ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

బెంగళూరు యూ3 నాకు ఆశ పుట్టిస్తోంది, దాచుకోను. 1970, 80ల్లో జపాన్‌లో ఇంటింటా పియానో కొన్నారు. పిల్లలు పెద్దై వెళ్లిపోయాక అవన్నీ ఇట్లా బయటి దేశాలకి వస్తున్నాయి. పై మూత ఎత్తితే ఇనుప చట్రం మీద సీరియల్ నంబరు ఉంటుంది, ఫొటో తీసి పంపమనండి. జపాన్‌లో చేసిన యమహాలకి సుమారుగా 10 లక్షల నంబరు 1970 నాటిది, 30 లక్షల నంబరు 1980 నాటిది. నలభై ఏళ్లు దాటిందని వద్దనకండి, ఎట్లా వాడారో చూడండి. చూసేది మీరు కాదు, ట్యూనర్. అమ్మేవాడు పిలిచిన ట్యూనర్ కాదు, మీరు డబ్బిచ్చి పిలిచిన ట్యూనర్. పది పదిహేను పిన్నులు లీవరు పెట్టి బిగువు చూసి చెప్పమనండి. ఇందాక నేను చెప్పిన కథలో నేను ఆదా చేసింది ఆ ఒక్క మనిషి ఫీజే.

ట్యూనర్ పని ట్యూనర్ది, మీరూ ఫోన్ లైటు వేసి లోపలికి చూడండి. సుత్తుల ముక్కుకి తెల్లటి ఫెల్టు ఉంటుంది, తీగలు తగిలి తగిలి దాని మీద గీతలు పడతాయి. అరచేతి గీతల్లా పైపైన ఉంటే పరవాలేదు. చాకుతో కోసినట్టు లోతుగా దిగి, ముక్కు చదునైపోయి ఉంటే అది సంగీతం బడిలోనో ఎక్కడో రోజంతా అరిగిన పియానో. కింది పలక ఒక క్లిప్పుతో ఉంటుంది, దాన్ని తీయించి లోపలికి ముక్కు పెట్టి వాసన చూడండి. సముద్రం పక్కన ఉండి వచ్చిందైతే తీగల మొదళ్లలో ఎర్రటి తుప్పు కనబడుతుంది. మూలల్లో ఎలుక పెంట ఉంటే ఇంకేం అడగకుండా లేచి వచ్చేయండి. ఎలుకకి ఆ ఫెల్టు పరుపుతో సమానం, ఏం కొరికిపోయిందో విప్పితే గానీ తెలియదు. దాంతో పాటు ఇండియాకి ఎప్పుడొచ్చిందో అడగండి. తేమ దేశంలో ఆరిన చెక్క మన ఎండకి ఎట్లా ఉంటుందో రెండు వేసవులు గడిస్తే తెలిసిపోతుంది. బెంగళూరు ఎండ మీ చిత్తూరు ఎండకి లెక్కలోకి రాదు, అదీ గుర్తుంచుకోండి.

వాతావరణం గురించి ఎవరూ చెప్పరు గానీ, పియానోని పాడుచేసేది వేడి కాదు, తేమ ఎక్కువా తక్కువా కావడం. సౌండ్‌బోర్డు స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు చెక్క. (మన శేషాచలం ఎర్రచందనాన్ని జపానువాళ్లు షమిసెన్ అనే తీగవాద్యం కాడకి ఎంతో ఇష్టంగా వాడతారు. పియానో పలకకి మాత్రం అంత బరువు చెక్క పనికిరాదు, తేలికగా కంపించాలి.) కార్తీకం వానల్లో ఆ పలక నీళ్లు పీల్చి ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. మే నెలలో ఆరిపోయి కుంగుతుంది, శ్రుతి దిగుతుంది. పైగా మనం రాత్రంతా ఏసీ వేసి ఆపేస్తాం. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న తేమ మీటరు ఒకటి కొని పియానో మీద పెట్టండి. 45 నుంచి 65 శాతం మధ్య ఉంటే మీరేం చేయక్కర్లేదు. ఎండాకాలం 30కి పడిపోతే ఏసీకి దూరంగా జరిపి, గదిలో వెడల్పాటి గిన్నెతో నీళ్లు పెట్టండి. చెన్నైవాళ్లు లోపల చిన్న బల్బో హీటర్ కడ్డీయో వెలిగించి పెట్టుకుంటారు, మీకూ అదే చెప్తారు. వాళ్లకి ఏడాదంతా సముద్రపు తేమ. చిత్తూరులో ఏప్రిల్లో అది వెలిగిస్తే ఉన్న తేమ కూడా పోతుంది, పిన్నుల దిమ్మ ఎండుతుంది, నా కథ మళ్లీ మొదలవుతుంది.

శ్రుతి ఏడాదికి రెండుసార్లు చేయించాలి. కొత్త పియానో అయితే తీగలు ఇంకా సాగుతుంటాయి, మొదటి ఏడాది ఇంకోసారి ఎక్కువ. సంక్రాంతి అయ్యాక ఒకటి, ఎండలు తగ్గి ఆషాఢంలో ఒకటి పెట్టుకోండి. మనకి ట్యూనర్ చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి, రానూపోనూ ఖర్చు మనదే. అందుకని మీ ఊళ్లో చర్చిలో గానీ, బడిలో గానీ, ఇంకెవరింట్లో గానీ పియానో ఉందేమో కనుక్కుని, ముగ్గురు కలిసి ఒకే రోజుకి పిలుచుకోండి. నేను తిరుపతిలో అట్లాగే చేస్తాను. అడ్వాన్సు ఇచ్చే ముందు షాపువాళ్లని, ఇంటికొచ్చాక మొదటి ట్యూనింగ్ ఎవరు చేస్తారు, చిత్తూరు దాకా వస్తారా, ఖర్చు ఎవరిది అని అడిగి కాగితం మీద రాయించుకోండి. దీనికి నీళ్లు నమిలే షాపులో బ్రాండు ఏదైనా కొనకండి.

ఇక మెట్లు. మీ ఇంటి మెట్ల సంగతి చెప్తున్నా. యూ1 బరువు 228 కిలోలు, యూ3 ఇంకాస్త ఎక్కువ. పొడవు సుమారు అయిదడుగులు, లోతు రెండడుగులకి కొంచెం పైన. మెట్ల వెడల్పు కాదు, మలుపు దగ్గర చదరంగా ఉండే చోటు కొలవండి. పియానో తిరగాల్సింది అక్కడ. మలుపులో నలుగురు మనుషులు నిలబడి దాన్ని నిలువుగా లేపకుండా తిప్పగలరా అన్నది పియానోలు మోసి అలవాటున్న వాళ్లే చూసి చెప్పాలి. బీరువాలు మోసేవాళ్లకి అప్పగించకండి. మలుపు చాలకపోతే బాల్కనీ నుంచి క్రేనుతో ఎక్కించాలి, ఆ ఖర్చు ఆరు లక్షల్లోంచే తీసి పెట్టుకోండి. ఒకవేళ ఏ దారీ లేదంటే మంచి బరువు మెట్లున్న డిజిటల్ పియానో తీసుకోండి, అయిదో గ్రేడు దాకా దానితో ఏ లోటూ రాదు. టీచరమ్మ ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి.

నా మాట అడిగారు గనక ఉన్నదున్నట్టు చెప్తాను. మీ ట్యూనర్ చూసి పిన్నులు బాగున్నాయంటే, బెంగళూరు యూ3. ఆయన ఏ ఒక్కదానికి తల అడ్డంగా ఊపినా దాన్ని వదిలేసి, చెన్నైలో 121 దగ్గర ఎత్తున్న కొత్తది, యమహా గానీ కవాయి గానీ, మీ డబ్బుకి ఏది అందితే అది. బి1 నా వరసలో చివరిది, అన్నయ్యగారి పియానో దానికి ఒక మెట్టు పైన, ఎత్తు 120 దాటితేనే.

మామగారి ప్రశ్న మర్చిపోలేదు. పియానో మెట్టు నొక్కితే ఆ స్వరం అక్కడే నిలబడుతుంది, పక్క స్వరం మీదికి జారదు. తోడి, కాంభోజి లాంటి రాగాలు ఆ జారుడు, అదే గమకం, లేకపోతే ఎముకల గూళ్లే, వాటిని ఆశించొద్దని చెప్పండి. మోహనం, శంకరాభరణం, మధ్యమావతి మాత్రం చక్కగా ఒదుగుతాయి. మన పాటకి పాశ్చాత్య సంగీతం తోడవడం కొత్తేం కాదు, మదనపల్లెలో 1919లో రవీంద్రుడి జనగణమన వరసకి స్వరలిపి రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం చదువుకున్న ఐరిష్ ఆవిడే. పాపకి ఇవాళే కీబోర్డు మీద చూపించండి: నల్లమెట్లు మూడు కలిసున్న గుంపులో మొదటిదాన్ని షడ్జమం అనుకుని, తెల్లవి ముట్టకుండా నల్లవే వరసగా పైకి వెళ్తే మోహనం ఆరోహణ. అయిదు నిమిషాల పని.

పియానో చూడ్డానికి వెళ్లేటప్పుడు మామగారిని తీసుకెళ్లండి. పాప ట్రినిటీ పాఠం వాయిస్తే అమ్మేవాళ్లు అందరూ తలలూపుతారు, ఆయన గమ్మున కూర్చుంటారు. తర్వాత ఒక్కో పియానో మీద ఆ మోహనం వాయించమని, ఆయన కుర్చీ ఎక్కడ దగ్గరికి జరుపుకుంటారో చూడండి.